పెయింట్ డబ్బా ఉపయోగాలు

తెలివితేటల మీద పీహెచ్‌డీ చేసిన మహిపాల్‌కు కన్నతల్లి లక్ష్మీనర్సమ్మ తెలివి మాత్రం ఆ సోమవారం తెల్లారేదాకా అంతుపట్టలేదు.

ఉప్పల్‌లో ఒక కాలేజీలో అతనిది కాంట్రాక్టు లెక్చరర్ కొలువు. సృజనాత్మకత మీద చేస్తున్న సర్వే కాగితాలు సోమవారం పొద్దున విభాగాధిపతి కనకమహాలక్ష్మి మేడమ్ చేతిలో పెడితేనే కాంట్రాక్టు ఇంకో ఏడాది సాగుతుంది. ప్రశ్న ఒక్కటే: ఖాళీ పెయింట్ డబ్బాతో ఏం చేయొచ్చు? ఇంకెవరికీ తట్టనిది రాసినవాళ్లకు ఎక్కువ మార్కులు. నాచారంలో తల్లి పనిచేసే ప్యాకింగ్ కంపెనీలో నలభై మంది ఆడవాళ్లతో రాయించుకు రమ్మని కాగితాలు ఆమె చేతికే ఇచ్చాడు మహానుభావుడు.

ఆదివారం తీసి చూస్తే, తిరిగొచ్చిన నలభైలోనూ ఒకటే జవాబు: తలుపు కాడ పెడితే దొంగ తట్టుకుని పడతాడు.

"గిదేందమ్మా?"

"నేనే చెప్పిన బిడ్డా. ఎవ్వలికి తట్టనిది రాస్తె మార్కులెక్కువ అంటివి గద. గది నాకే తట్టింది. అన్నం తినేకాడ అందరికి చెప్పిన. సత్తమ్మకైతె రెండుసార్లు చెప్పిన. వాళ్లు ఫెయిలైతె నీ పేరు పోదా?"

"అందరూ ఒకటే రాస్తే అందరికీ సున్నానే!"

"గంత మంచి మాటకు సున్నానా? ఏం సదువురా నీది!"

మూడొందల పేజీల థీసిస్ రాసిన మహిపాల్ ఆ నలభై కాగితాలనూ బీరువాలో పడేశాడు.

తల్లి పక్కింటికి వెళ్లగానే తలుపేసుకుని, కొత్త కాగితాల మీద తానే జవాబులు అల్లడం మొదలుపెట్టాడు. కొన్ని ఎడమ చేత్తో కూడా రాశాడు. తులసి మొక్క, బియ్యం, స్నానానికి నీళ్లు... ఏడో జవాబు తర్వాత బుర్ర మొరాయించింది. సృజనాత్మకత నిపుణుడు! ఆ ఏడింటినే అటూ ఇటూ తిప్పి నలభై మందికీ సర్దాడు.

తెల్లారుతుండగా, తల్లి లేవకముందే సంచీ పట్టుకుని పిల్లిలా తలుపు దగ్గరికి నడిచాడు. కాలికేదో తగిలింది. ఢాం!

"దొంగ! దొంగ!" అంటూ లక్ష్మీనర్సమ్మ లైటు వేసింది. డబ్బా ఓ మూల, కాగితాలు ఓ మూల, నడుమ బోర్లా పడ్డ డాక్టర్ మహిపాల్.

"నువ్వా! సున్నా అంటివి గద, పనిజేస్తదో లేదో సూద్దామని పెట్టిన. దెబ్బ తాకిందా?"

"మస్తు తాకిందమ్మా" అన్నాడు మోకాలు రుద్దుకుంటూ.

నేల మీద పరుచుకున్నవన్నీ తన రాతలే. వాటిని చించి ఆ డబ్బాలోనే వేశాడు. బీరువాలోంచి అసలు నలభై కాగితాలు తీసుకుని బస్సెక్కాడు. మేడమ్‌కు ఏం చెప్పాలా అని ఉప్పల్ దాకా ఆలోచించాడు. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప ఇంకేమీ తట్టలేదు.