నలుగురి కార్డు

రైలు ఖర్చు తగ్గించుకోవడానికి ఎన్ని దారులున్నాయో లెక్కల బాబాయిని అడగాలి. అడక్కపోయినా చెబుతాడు, అది వేరే సంగతి. ఉండేది పక్క ఊళ్ళో, నగరంలో ఒక టైల్స్ గోదాములో గుమాస్తా ఆయన. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. రద్దీ వేళకి ముందు బండి ఎక్కితే టికెట్టు చవకని కొన్నాళ్ళు చీకటితోనే బయల్దేరి, గోదాము తలుపులు తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. నగరం హద్దు దగ్గర ఛార్జీ మారుతుంది, రెండు ముక్కలుగా కొంటే చవకని, ఆ స్టేషన్లో దిగి, పరుగున కౌంటరుకి వెళ్ళి ఇంకో టికెట్టు కొని, అదే బండి మళ్ళీ ఎక్కేవాడు. ఒకరోజు కౌంటరులో చిల్లర దొరకలేదు. బాబాయి అక్కడే ఉండిపోయాడు, ఆయన సంచీ మాత్రం హాయిగా నగరం చేరుకుంది. ఆ తర్వాత ఒక స్టేషను ముందే దిగి నడవడం మొదలుపెట్టాడు. అరిగిన చెప్పులు కూడా లెక్కలో వేసుకుని చూస్తే నష్టమే తేలిందట. అదీ మానేశాడు.

చివరికి నలుగురి కార్డు ఆయన కంటపడింది. నలుగురు మనుషులు, ఒకే పెట్టె, ఒకే కార్డు. మనిషికి పడే ఖర్చు దాదాపు సగం. కాకపోతే నలుగురూ కలిసే ఎక్కాలి, కలిసే దిగాలి. ఒక్కరు తక్కువైతే మిగతా ముగ్గురూ టికెట్టు లేనివాళ్ళ కిందే లెక్క.

బాబాయి ఒంటికాయ శొంఠికొమ్ము. మిగతా ముగ్గుర్నీ ఎక్కణ్ణుంచి తేవాలి? ప్లాట్‌ఫారం మీద తిరుగుతూ, సంబంధం చూడ్డానికి వచ్చిన పెద్దమనిషిలా ఒక్కొక్కళ్ళనీ వాకబు చేశాడు. ఏ బండికి వెళ్తారు? తరచూ జ్వరాలొస్తాయా? ఉద్యోగం గట్టిదేనా? అలా ఆయన పరీక్షలో నెగ్గిన వాళ్ళు ముగ్గురు. ఒకరు కళ్ళాసుపత్రిలో నర్సు. ఎక్కగానే పక్కవాళ్ళ భుజం మీద నిద్రపోతుంది. రెండో ఆయన డ్రైవింగు మాస్టారు. ఊళ్ళో అందరికీ కారు నేర్పుతాడు, పెట్రోలు భరించలేక తను మాత్రం రైల్లో వస్తాడు. మూడో మనిషి డ్రైక్లీనింగు షాపులో చిరుగులు కనపడకుండా కుట్టే ఆవిడ. మాస్టారు ఆమెకి సూదక్క అని పేరు పెట్టాడు. ఎవరి అసలు పేర్లూ ఎవరూ అడగలేదు. కార్డు మీద పేర్లు రాయాల్సిన పని లేదు మరి.

కొన్నాళ్ళకి వాళ్ళకంటూ కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. కార్డు వారానికొకరి దగ్గర ఉంటుంది. ఎవరి దగ్గర కార్డుంటే కిటికీ సీటు వాళ్ళది. సెలవు పెట్టే మనిషి ముందే చెప్పాలి, తిరిగొచ్చిన రోజు అందరికీ టీ ఇప్పించాలి. సూదక్క ఎవరికీ టీ ఇప్పించిన పాపాన పోలేదు. జ్వరమొచ్చినా శాలువా కప్పుకుని వచ్చేది.

పొదుపు కోసం వస్తోందని వాళ్ళనుకున్నారు. మొదట్లో నిజంగా దానికోసమే. మేడ మీద ఒంటిగదిలో, తన సొంత అక్క ఉన్నంతకాలం ఇద్దరూ పోట్లాడుకుంటూ, పాలు పొంగిపోయాయని ఒకరి మీద ఒకరు నేరం తోసుకుంటూ బతికారు. అక్క పోయాక పాలు పొంగిపోతే తిట్టడానికీ మనిషి లేకుండా పోయింది. షాపులో ఆమె చోటు వెనక గది. ఓనరు చిన్న కిటికీలోంచి బట్టలు లోపలికి పెడతాడు, ఎక్కడ చిరిగిందో అక్కడ పిన్ను గుచ్చి ఉంటుంది. మాటతో పని లేదు. రోజు మొత్తంలో ఆమె నోరు తెరిచేది ఆ రైలు పెట్టెలోనే.

అక్కడ మాత్రం బాగానే తెరిచేది. బాబాయికి ఒక బూడిదరంగు ఉన్ని కోటుంది. దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటాడు. కూర్చునే ముందు సీటు మీద రుమాలు పరుస్తాడు, కొక్కేనికి తగిలిస్తే లోపలి వైపు బయటికి తిప్పుతాడు. చిరుగులు వెతికే అలవాటు కొద్దీ సూదక్క మొదటిరోజే ఆ కోటుని పైనించి కిందిదాకా చూసింది. ఒక్క పోగైనా లేవలేదు.

"మీలాంటి వాళ్ళుంటే మా షాపు మూసుకోవాల్సిందే బాబాయిగారూ," అంది.

"చిరిగితే కదమ్మా మీకివ్వాల్సొచ్చేది. చిరగనివ్వను," అన్నాడాయన గర్వంగా.

"ఆదివారం ఏం చేశారు బాబాయ్?" అని మాస్టారు ప్రతి సోమవారం అడిగేవాడు. "కోటు బ్రష్షు చేసుకున్నా," అనేవాడు ఆయన ప్రతి సోమవారం. నర్సు నిద్రలోనే నవ్వేది. సాయంత్రం దిగాక మాత్రం ఎవరి దారి వాళ్ళది. బాబాయి వంతెనెక్కి పట్టాలకి అవతలి వైపు వెళ్ళిపోతాడు, నర్సు బస్సెక్కుతుంది, మాస్టారు సందులోకి తిరుగుతాడు. ఒకే ఊళ్ళో ఉంటూ, బజార్లో ఒక్కసారైనా ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడలేదు. ఇళ్ళకి పిలుచుకోవాలని ఎవరికీ తోచలేదు. సూదక్కకి తోచింది గానీ, నోటిదాకా రాలేదు.

ఇలా సాగుతుండగా డ్రైక్లీనింగు ఓనరు ఆమెకొక శుభవార్త చెప్పాడు. ఆమె ఉండే ఊళ్ళోనే కొత్త బ్రాంచి తెరుస్తున్నాడు. ఆమె గదికి నాలుగడుగుల దూరం.

"ఇంక నీకు రైలు బాధ లేదమ్మా. కౌంటరూ నువ్వే చూసుకో, కుట్టుపనీ నువ్వే చూసుకో. పైసా ఖర్చు లేకుండా నడిచి రావచ్చు," అన్నాడు.

ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవాళ్ళు. సూదక్కకి మాత్రం ముందు గుర్తొచ్చింది రైలు పెట్టె. సరేనని తలూపి, ఆ సాయంత్రం రైల్లో ఎప్పటిలాగే కూర్చుని, ఎప్పటిలాగే బాబాయి కోటు మీద ఒక జోకు వేసింది. చెబుదామనుకుంది. నేను లేకపోతే వీళ్ళ కార్డు పోతుంది కదా, పాపం, అని తనకి తనే సర్దిచెప్పుకుంది. మనిషి తనని తను మోసం చేసుకోవడానికి పక్కవాళ్ళ మేలు కంటే మంచి సాకు దొరకదు.

బ్రాంచి ఆలస్యంగా తెరుస్తుంది, పెందలాడే మూస్తుంది. దాంతో సూదక్క చేసిన ఏర్పాటు ఏమిటంటే: పొద్దున్నే ఆ ముగ్గురితో కలిసి నగరం వెళ్తుంది. వాళ్ళు గేటు దాటాక ఎదుటి ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తి, పూర్తి టికెట్టు కొని, ఖాళీ బండిలో ఒక్కతే వెనక్కి వచ్చి, షాపు తాళం తీస్తుంది. సాయంత్రం తాళం వేసి, మళ్ళీ పూర్తి టికెట్టు కొని నగరం వెళ్తుంది. అక్కడ గేటు దగ్గర, పనినుంచి అలసిపోయి వస్తున్నట్టు సంచీ సర్దుకుంటూ నిలబడి, ఆ ముగ్గురూ రాగానే "ఏం ఇంతాలస్యం?" అని దబాయిస్తుంది.

ఖర్చు తగ్గించుకునే కార్డు కోసం ఆమె చేస్తున్న ఖర్చు చూస్తే బాబాయికి అక్కడికక్కడే కళ్ళు తిరిగేవి. జీతంలో పెద్ద ముక్క రైలుకే పోయింది. కూరలు తగ్గించింది. చెవి కమ్మలు అమ్మేసి, "బరువుగా ఉన్నాయని తీసేశా" అని నర్సుకి చెప్పింది. ఆ ఖాళీ బండిలో తిరిగొస్తున్నప్పుడు మాత్రం తనమీద తనకే జాలేసేది. ఇంత చేసి కొనుక్కుంటున్నది రెండు పూటల కబుర్లు. పిచ్చిదాన్నా నేను అనుకునేది. మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

చలికాలం సగంలో ఉండగా బండారం బయటపడింది. టికెట్ కలెక్టరు మంచివాడే, కావాలని చేసింది కాదు. ఒక సాయంత్రం కార్డు చూసి, తలలు లెక్కపెట్టి, సూదక్కని చూసి పలకరింపుగా నవ్వాడు.

"ఏమ్మా, పొద్దున కనపడ్డారు నగరం నుంచి వెనక్కెళ్ళే బండిలో. ఇప్పుడు మళ్ళీ ఈ బండిలో కూడా మీరే. రోజుకి రెండుసార్లు తిరుగుతున్నారు, వ్యాపారమేమైనా పెట్టారా?"

కలెక్టరు పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు. నర్సు నిద్ర ఎగిరిపోయింది. మాస్టారు ఆమె మొహంలోకి చూసి, "ఏంటక్కా ఇది?" అన్నాడు. ఇంక దాచి లాభం లేదు. బ్రాంచి సంగతంతా చెప్పింది.

బాబాయి పెదాలు కదులుతున్నాయి. లెక్క వేస్తున్నాడని అందరికీ తెలుసు. వేసి, ఆఖరికి మొహం ఎర్రగా చేసుకుని తలెత్తాడు.

"మా ముగ్గురికీ కలిపి ఎంత మిగులుతోందో, అంతా మీరొక్కళ్ళే పోగొట్టుకుంటున్నారు. ఎవరి కోసం ఇదంతా?"

"మీ కార్డు పోతుందని..."

"పోతే ఇంకో మనిషిని చూసుకుంటాం. అది కూడా ఒక సమస్యా?"

నర్సు ఓదార్పుగా ఆమె చెయ్యి పట్టుకుంది. "నిజమే అక్కా, మా ఆసుపత్రి ల్యాబులో ఒకాయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, చోటుంటే చెప్పమని. ముందే చెప్పుంటే మీకింత బాధ తప్పేది."

ఆ మాట మంచి మనసుతోనే అంది. సూదక్కకి మాత్రం అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తన చోటు కోసం ఇంకో మనిషి ఎప్పట్నుంచో నిలబడి ఉన్నాడు. తను కమ్మలమ్మి కాపాడిన సీటు ఒక్కరోజు కూడా ఖాళీగా ఉండదు.

"కార్డు కోసం కాదు," అంది మెల్లగా. "ఇంటి దగ్గర మాట్లాడ్డానికి ఎవరూ లేరు."

మాస్టారు చేతిగడియారం కేసి చూసుకున్నాడు. బాబాయి కిటికీ అవతలికి చూస్తూ కూర్చున్నాడు, అప్పటికే చీకటి పడి అద్దంలో ఆయన మొహం తప్ప ఏమీ కనపడటం లేదు. ఆ వారం కార్డు సూదక్క దగ్గరుంది. దిగగానే నర్సు చేతిలో పెట్టేసింది. "అప్పుడప్పుడూ కనపడండక్కా," అన్నాడు మాస్టారు. ఎక్కడ కనపడాలో ఆయనా చెప్పలేదు, ఆమే అడగలేదు. బాబాయి అప్పటికే వంతెన ఎక్కేశాడు.

తర్వాతి రోజులు ఖర్చు లేకుండా గడిచాయి. పొద్దున్నే అలవాటుగా మెలకువ వచ్చేది. బండి కూత వినిపించేది. ఇప్పుడు బాబాయి రుమాలు పరుస్తుంటాడు, ఇప్పుడు నర్సు ఆ కొత్తాయన భుజం మీద వాలి ఉంటుంది అనుకుంటూ పక్క మీదే పడుకునేది. షాపులో కౌంటరు ముందు ఒక కుర్చీ వేసింది, వచ్చినవాళ్ళు కూర్చుంటారని. వచ్చినవాళ్ళు బట్టలిచ్చి, రసీదు తీసుకుని, నిలబడే వెళ్ళిపోయేవారు. కూరలు మళ్ళీ దండిగా కొంటోంది. ఒక్క మనిషి ఎంతని తింటుంది?

ఒక సాయంత్రం, బండి వచ్చి వెళ్ళిన కాసేపటికి, షాపు మూద్దామని లేస్తుంటే తలుపు తోసుకుని బాబాయి వచ్చాడు. రైలు పెట్టెలో తప్ప ఆయన్ని ఎప్పుడూ చూడలేదేమో, మనిషి కొంచెం పొట్టిగా అనిపించాడు. చలికి వణుకుతున్నాడు. కోటు వేసుకోకుండా చేతి మీద వేసుకుని తెచ్చాడు.

"మోచేతి దగ్గర చిరిగింది," అన్నాడు కౌంటరు మీద పెడుతూ. "తలుపు గడియకి పట్టుకుంది."

సూదక్క దీపం దగ్గరికి లాక్కుని చూసింది. గడియకి పట్టుకున్న చిరుగు ఎలా ఉంటుందో ఆమెకి తెలియనిది కాదు. వంకరగా పోతుంది, పోగులు సాగుతాయి, అంచులు పీచుపీచుగా లేస్తాయి. ఇది తిన్నగా ఉంది. అంచుల్లో ఒక్క పోగైనా సాగలేదు. మధ్యలో ఒకచోట గీత ఆగి, కొంచెం పక్కకి జరిగి మళ్ళీ మొదలైంది. కత్తెర పట్టుకున్న చెయ్యి అక్కడ కాసేపు ఆగినట్టుంది.

తలెత్తి చూసింది. బాబాయి గోడమీది రేట్ల బోర్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎంతవుతుందని మాత్రం అడగలేదు.

"గడియలంతే బాబాయిగారూ," అంది సూదక్క. "చూసుకోకపోతే పట్టేసుకుంటాయి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

పని మొదలుపెడితే మర్నాటికి అయిపోయే చిరుగది.

"చాలా రోజులు పడుతుంది. మంచి ఉన్ని కదా, రోజుకి కొంచెమే కుట్టాలి. మధ్యమధ్యలో మీరొచ్చి చూడాలి, దారం రంగు కలిసిందో లేదో."

"రోజూ రావాలా?"

"రోజూ రావాలి."

బాబాయి పెదాలు కాసేపు కదిలాయి. ఏం లెక్క వేశాడో గానీ, తేలినట్టే ఉంది. కుర్చీ కౌంటరు దగ్గరికి జరుపుకుని, రుమాలు పరచకుండానే కూర్చున్నాడు.

"ఎలాగూ మా ఇంటికి వెళ్ళే దారే కదా," అన్నాడు.

ఆయన ఇల్లు పట్టాలకి అవతలి వైపు. ఆ మాట సూదక్క అనలేదు. భుజాల మీద కప్పుకోమని తన శాలువా తీసి ఇచ్చి, సూదిలోకి బూడిదరంగు దారం ఎక్కించడం మొదలుపెట్టింది. కళ్ళు మసకబారి చాలాసేపటిదాకా దారం ఎక్కలేదు. బాబాయి తొందరపెట్టలేదు.