బొమ్మ రైలు గంట

సీసం కరిగి వైరు కొసకు అంటుకోగానే యేసుదానం దానిమీద ఉఫ్‌మని ఊదాడు. ఏన్కూరు బస్టాండు పక్కన అతని రేడియో రిపేరు దుకాణంలో ఆ ఉదయం బల్లంతా ఒక ప్లైవుడ్ చెక్కే ఉంది. మిషన్ స్కూలు ఎగ్జిబిషన్ కోసం దానిమీద బొమ్మ రైలు పట్టాలు, అట్టముక్కల స్టేషను, సిగ్నలు, గేటు, చిన్న గంట. చెక్క అంచున వరసగా బెల్లు స్విచ్చులు. ఒకటి నొక్కితే దీపం, ఒకటి నొక్కితే గంట. అన్నిటికీ ఒక కొస నల్లవైరుతో బ్యాటరీకి కలిపి, రెండో కొసను దేని స్విచ్చికి దానికి లాగుతున్నాడు. యాభై దాటిన మనిషి. మందపాటి కళ్లద్దాలు, వేళ్లనిండా కాలిన మచ్చలు. ఇంత సరదా పని అతనికెప్పుడూ తగల్లేదు.

వెలుతురుకు అడ్డంగా ఎవరో నిలబడ్డారు. మోకాళ్లదాకా మట్టి, భుజాన సంచి. అడగకుండానే చెయ్యి చాపి స్విచ్చి నొక్కాడు. గంట మోగింది.

"ఈ వైరు పొడుగు జేస్తే ఎంతదూరం పనిజేస్తది?"

"బొమ్మ రైలు గదన్నా. ఈ చెక్కమీదికే."

"గది గాదు నేనడిగేది. వాగు అవతల కూసొని నొక్కితే ఇవతల రోడ్డుకు అందుతదా?"

ఆ రోడ్డుమీద తిరిగేవి పోలీసు జీపులు. ఇతనడిగేది గంట గురించి కాదని, మందుపాతర గురించని యేసుదానానికి అర్థమైంది.

"నాకు తెల్వదన్నా. రేడియోలు బాగుజేసుకునేటోణ్ణి."

"నీకు తెలుసు." ఆ మనిషి గొంతు పెంచలేదు. "పొద్దుగూకినంక వస్త. మాతో రావాలె. దుకాణంలనే ఉండు."

దమ్మపేటలో కాలిన మోటార్లకు తీగ చుట్టే మోతీ గుర్తొచ్చాడు. అడవిలోవాళ్లకు పనిచేశాడని పోలీసులు నిరుడు అతన్ని జీపెక్కించారు. చేశాడో లేదో ఎవరికీ తెలియదు. అతని భార్య ఇంకా స్టేషన్ల చుట్టూ తిరుగుతూనే ఉంది. వెళ్తే మోతీ గతి. వెళ్లకపోతే వీళ్లు ఊరుకోరు. ఎవరికి చెప్పుకున్నా చెప్పిన నోరు మిగలదు.

మిగిలిన వైర్లు కలిపాడు. చెక్కను రిక్షాలో వేసుకుని స్కూలుకు తీసుకెళ్లాడు.

"ఈ సిగ్నలు స్విచ్చి నొక్కి జల్దీ ఇడవాలె సిస్టరమ్మా. అట్లనే పట్టుకుంటే లోపల కాయిలు కాలుద్ది."

పెద్ద సిస్టరమ్మ నొక్కింది. సిగ్నలు చెయ్యి టక్కున వాలింది. యేసుదానం గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

"ఏంది యేసుదానం, జొరమా?"

"అవ్ సిస్టరమ్మా," అన్నాడు.

ఇంట్లో భార్య ఇన్నమ్మ బియ్యం చెరుగుతోంది.

"రెండు చీరలు సంచిలో పెట్టుకొని బస్టాండుకు నడు. మీ అన్న దగ్గరికి మధిర పోదాం."

ఆమె చేట దించి అతని మొహం చూసింది. "మళ్ల ఎన్నడొస్తం?"

అతను దండెంమీది చీర తీసి ఆమె చేతికిచ్చాడు.

దుకాణానికి వచ్చి ముందు తలుపులకు లోపల గడియ పెట్టాడు. రైతు సీతయ్య ఇస్తే బాగుచేసి ఉంచిన ట్రాన్సిస్టరు అలమరలోంచి తీసి బల్లమీద పెట్టి, మాటలు బయటికి వినపడేలా తిప్పాడు. వెనక తలుపున బయటపడి తాళం వేశాడు. మధిర వైపు వెళ్లే మధ్యాహ్నపు బస్సులో భార్యాభర్తలిద్దరూ వేరువేరు సీట్లలో, ఒకరికొకరు తెలియనట్టు కూర్చున్నారు. ఏన్కూరువాళ్లు వాళ్లను చూడడం అదే ఆఖరు.

పొద్దుగూకాక ఆ మనిషి వచ్చాడు. లోపల మాటలు విని, ఎవరో బేరానికి వచ్చారనుకుని అరుగుమీద కూర్చున్నాడు. తలుపు వెనక చీకట్లో సీతయ్య ట్రాన్సిస్టరు, బ్యాటరీ తగ్గేకొద్దీ గొంతు సన్నబడుతూ, మిరపతోటల తెగుళ్లకు ఏ మందు కొట్టాలో చెబుతూనే ఉంది.