తెరుచుకోని రక్తదాతల జాబితా

కామారెడ్డిలో రక్తం అవసరమైనవాళ్లకు దాతలను కుదిర్చే కృపాజ్యోతి, ఆ దాతల పేర్లన్నీ ఉచితంగా దొరికే ఒక ఓపెన్‌సోర్స్ డేటాబేస్‌లో పెట్టుకుంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక అది తెరుచుకోలేదు. అంతలోనే ఎల్లారెడ్డి ఆసుపత్రి నుంచి ప్రేమ్‌సింగ్ ఫోన్ చేశాడు.

"అక్కా, నా భార్య నీలకు కాన్పయింది. రక్తం ఆగుతలేదు. ఓ నెగెటివ్ కావాలంటున్నరు."

ఆ డేటాబేస్ వాడేవాళ్ల ఆన్‌లైన్ వేదికలో ఆమె తన కష్టమంతా రాసింది. ఎవరూ పలకలేదు. దిక్కుతోచక పాడైన ఫైళ్లు చెరిపేయబోతుండగా, ముక్కూమొహం తెలియని ఒకాయన రాశాడు: "ఏదీ చెరపకండి. ముందు మొత్తం కాపీ తీసుకోండి."

ఆయన చెప్పినవన్నీ చేస్తే సగం పేర్లు వచ్చాయి. వాటిలో ఓ నెగెటివ్ రక్తమున్నవాడు ఒక్కడే, లింగంపేట యాకూబు.

"బయలుదేరుతున్న," ఆమె ఫోన్ చేయగానే అన్నాడతను.

పొద్దుగూకే వేళకు ప్రేమ్‌సింగ్ మళ్లీ ఫోన్ చేశాడు. "నీల కండ్లు తెరిచింది అక్కా."

కృపాజ్యోతి బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. మిగతా పేర్ల కోసం వేదికలో సాయం చేసిన ఆయనకు మళ్లీ రాసింది.