ఉపసర్పంచ్ ఎన్నికలో నా రెండు చేతులు

మా పంచాయతీ ఆఫీసులో ఆ రోజు ఇసకేస్తే రాలనంత జనం. గుమ్మంలో తోసుకునేవాళ్లు, కిటికీ ఊచలు పట్టుకుని వేలాడేవాళ్లు. కొత్త వార్డు మెంబర్ని నేను, పేరు ప్రేమకుమారి. ముందు కుర్చీలో కూర్చున్నాను. ఉపసర్పంచ్ ఎవరన్నది నా మీదే ఆగింది మరి! మల్లికార్జునరావుకి అతనితో కలిపి నలుగురు, దేవికకి ఆమెతో కలిపి నలుగురు. మిగిలింది నేనొక్కదాన్ని.

దేవిక మా పేటలోనే మగపిల్లాడిగా పుట్టింది. ఊరు వదిలి గుంటూరు పోయి, చీర కట్టుకుని తిరిగొచ్చింది. జాకెట్లు కుట్టుకుంటూ బతికింది. ఈసారి పంచాయతీ ఎన్నికల్లో నిలబడి వార్డు గెలిచేసింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది.

మా పాస్టరు కృపానందంగారు పొద్దున్నే మా ఇంటికొచ్చారు.

"దేవుడు మగవాణ్ణి చేశాడు, ఆడదాన్ని చేశాడు. ఇంకోటి చెయ్యలేదమ్మా. సంఘంలో స్త్రీల సమాజాన్ని నడిపేదానివి నువ్వు. నువ్వే అతనికి చెయ్యెత్తితే రేపు పిల్లలకేం చెప్తాం?"

ఆయన చెడ్డమనిషి కాదు. మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కన మోకరించిన మనిషి. పైగా ఆయన చెప్పింది చిన్నప్పటి నుంచీ నేనూ నమ్మిందే.

"ఎత్తను అయ్యగారూ" అని మాటిచ్చాను.

ఎన్నికల అధికారి లేచాడు. "దేవికగారికి మద్దతిచ్చేవాళ్లు చేతులెత్తండి!"

నాలుగు చేతులు లేచాయి. నా చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా నొక్కిపట్టాను. దేవిక నావైపు చూడలేదు. కిటికీ దగ్గర అయ్యగారు మాత్రం నా చేతుల్నే చూస్తున్నారు. అధికారి లెక్క చెప్పబోతుండగా అయ్యగారికి సంతోషం ఆగలేదు.

"దేవునికి స్తోత్రం!" అని గొంతెత్తారు.

అంతే! నా రెండు చేతులూ గాల్లోకి లేచాయి. "హల్లెలూయ!" అని కూడా అనేశాను. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ మాటకి లేచే చేతులు నన్నడిగి లేస్తాయా?

"ఐదు!" అన్నాడు అధికారి.

జనం గొల్లుమన్నారు. మల్లికార్జునరావు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "అది ప్రార్థనండీ! ఓటెట్టా అయిద్ది? ఆమెకది అలవాటు!"

అధికారి నుదురు తుడుచుకున్నాడు. "మీరే చెప్పండమ్మా. ఓటా, ప్రార్థనా?"

నా చేతులు రెండూ ఇంకా గాల్లోనే ఉన్నాయి. అప్పుడు చూసింది దేవిక నావైపు.

"పొరపాటైతే దించెయ్ అక్కా. చానా ఏళ్లు జనం జాలి మీద బతికా. ఓటు గూడా పొరపాటున పడేదైతే నాకొద్దు."

తల దించకుండా నా కళ్లలోకే చూస్తూ అందా మాట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో నాకే తెలీదు. ఆమె వెనక గుమ్మం కనపడుతోంది. మా నాయన ఆ గుమ్మం బయటే చెప్పులు చేతబట్టుకుని నిలబడేవాడు, లోపలికి రమ్మన్నవాడు లేడు. ఆయన కూతురు ఇవాళ లోపల కుర్చీలో కూర్చుందంటే, ఊరు మనసు మార్చుకుని కూర్చోబెట్టలేదు. హక్కుంది కాబట్టి కూర్చుంది. దేవికైనా అంతేగా!

ఎడమచెయ్యి దించాను. కుడిచెయ్యి ఇంకాస్త పైకెత్తాను.

"ఓటేనండీ! రాసుకోండి!"

ఈలలు, కేకలు, ఆఫీసు పైకప్పు లేచిపోయిందనుకున్నాను. దేవిక మొహం కొంగులో దాచుకుని ఏడ్చేసింది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మాటిచ్చావు గదమ్మా" అన్నారు కిటికీ దగ్గర నుంచి అయ్యగారు. ఆ గొంతులో కోపం లేదు. అదే నన్ను కోసేసింది.

"తప్పానండి. దేవుడి ముందు ఆమె సంగతి ఏందో నాకు తెలీదు. ఇది మాత్రం పంచాయతీ ఆఫీసు అయ్యగారూ."

"సరే. స్త్రీల సమాజం ఇక ఇంకొకరు చూసుకుంటారులే" అని వెళ్లిపోయారు.

చూసుకోనీ. ఆదివారం నేను చర్చికి పోతాను. ఎప్పటిలాగే ముందు చాప మీద కూర్చుంటాను. ఆయన స్తోత్రం అనగానే రెండు చేతులూ ఎత్తుతాను. దించమని ఆయన్ని అనమనండి చూద్దాం!