ఆదివారం ఆరేసిన చొక్కాలు

ఈషా తన ఐదో పుట్టినరోజుకు కేకు కంటే ముందు రంగులు కావాలంది. అందుకని శనివారం మధ్యాహ్నం దాని కీటా, అంటే ఇక్కడి బాలబడి, స్నేహితులను ఐదుగురిని ఇంటికి పిలిచాను. వంటింటి నేల మీద పాత దుప్పటి పరిచి తలా ఒక తెల్ల టీషర్టు ఇచ్చాను. రబ్బరు బ్యాండ్లు చాలలేదు. డబ్బాలోంచి శనగలు తీసి, బట్టలో ఒక్కో గింజను పెట్టి దారంతో బిగించి చూపించాను. నాకు జర్మన్ అంతంత మాత్రమే. పిల్లలు నా మాటల కోసం చూడలేదు, వేళ్లనే చూశారు.

రంగులు పోసిన చొక్కాలను కవర్లలో చుట్టిపెట్టాం. రంగు పట్టాలంటే తెల్లారేదాకా ఆగాలి. పొద్దున్నే వచ్చి విప్పుకుందామని, సోమవారం అందరం అవే వేసుకుని కీటాకు పోదామని ఈషా వాళ్లకు మాటిచ్చేసింది.

మర్నాడు ఆదివారమన్న సంగతి నాకు తట్టలేదు. మా ఊళ్లో ఎండ కాసిన ప్రతి రోజూ ఉతుకుడు రోజే. వోల్ఫ్స్‌బర్గ్ వచ్చి రెండేళ్లయినా ఆ లెక్క నా ఒంట్లోంచి పోలేదు.

పొద్దున పిల్లలు ముడులు విప్పారు. శనగ ఉన్న ప్రతిచోటా తెల్లని సున్న. అన్నీ బకెట్లో జాడించాక ఈషా తన చొక్కాను తీసుకెళ్లి, ఇంటి వెనక అందరికీ ఉమ్మడిగా ఉన్న తీగ మీద వేసి క్లిప్పులు పెట్టింది.

కింది వాటాలో ఉండే ఆవిడ, ఫ్రౌ లిండ్నర్, బయటికి వచ్చింది. కోప్పడలేదు. క్లిప్పులు తీసి, తడి చొక్కాను నాలుగు మడతలు పెట్టి ఈషా చేతిలో పెట్టింది. ఇక్కడ ఆదివారం విశ్రాంతి రోజని, తీగ మీద బట్టలు ఆరేయకూడదని, పిల్లల గోల కూడా ఉండకూడదని చెప్పి లోపలికి వెళ్లింది. మడతల్లోంచి ఎర్రనీళ్లు ఈషా చెప్పుల మీదకు కారాయి.

మా ఆయన భార్గవ్ ఆమె వెనకే వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాడు.

"ఈ ఇల్లు దొరకడానికి ఎంత తిరిగినమో యాదికుందా?" అన్నాడు. "మనకెందుకీ లొల్లి? రేపు ఆరేద్దాం."

ఇంట్లో ఆరేస్తే గోడలకు బూజు పడుతుందని ఇంటి ఓనరు చలికాలంలోనే హెచ్చరించాడు. బాల్కనీ లేదు. ఈషా తండ్రి ముఖం కేసి చూడలేదు, నా కేసి చూసింది.

"ఫెర్‌ష్ప్రొఖెన్ ఇస్ట్ ఫెర్‌ష్ప్రొఖెన్, అమ్మా," అంది. మాటిస్తే ఇచ్చినట్టే. కీటాలో నేర్చుకున్న మాట.

ఆ మడతపెట్టిన చొక్కాను దాని చేతిలోంచి తీసుకుని విప్పాను. ఎరుపు అంటి సున్నల్లో సగం చెరిగిపోయాయి. అప్పటిదాకా నాకు బాధగానే ఉంది. అవి చూశాక కోపం వచ్చింది.

పొలంలో బోరు దగ్గర స్నానం చేసిన రోజు అమ్మ, పెద్దమ్మ తడి చీరను చెరో కొస పట్టుకుని గాలికి నిలబడేవాళ్లు. తీగ లేదని ఏ చీరా ఆరకుండా ఉండలేదు.

పిల్లలను ఇంటి వెనకే ఇద్దరిద్దరిగా ఎండలో నిలబెట్టాను. చొక్కా ఒక భుజం ఒకరు, రెండో భుజం ఇంకొకరు పట్టుకోవాలి. నోరు విప్పినవాళ్లు అవుట్ అన్నాను. ఇలాంటి ఆట వాళ్లెప్పుడూ ఆడలేదు. మూడు చొక్కాలు గాలికి ఉబ్బాయి. నవ్వు ఆపుకోలేక ఈషా స్నేహితుడు కౌశల్ బుగ్గలు కూడా అలాగే ఉబ్బాయి. మిగతా మూడూ బకెట్లో వంతు కోసం ఉన్నాయి.

ఫ్రౌ లిండ్నర్ మళ్లీ వచ్చింది. ఇదేమిటని అడిగింది.

రెండేళ్లుగా ఆమె ఏమన్నా తలూపి ఊరుకున్నాను. ఈసారి వచ్చిన జర్మన్‌లోనే, తొందరపడకుండా చెప్పాను.

"తీగ ఖాళీగా ఉంది. చప్పుడు లేదు. చేతులు పిల్లలవి."

ఆమె తీగను చూసింది. పిల్లలను చూసింది. ఎంతసేపు ఇలా నిలబడతారని అడిగింది.

"ఆరేదాకా."

ఆమె లోపలికి వెళ్లి తన కిటికీ దగ్గర నిలబడింది. మబ్బు కమ్మింది. ఈషా చొక్కాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది గానీ దించలేదు. నేను బకెట్లోంచి నాలుగో చొక్కా తీసి ఒక భుజం పట్టుకుని, రెండోది భార్గవ్ వైపు చాపాను. అతను కిటికీ వైపు చూస్తూ వచ్చి పట్టుకున్నాడు.

"పోలీసుల్ని పిలుస్తదేమో," అన్నాడు గొంతు తగ్గించి.

"పిలువనియ్యిండి. బకెట్ల ఇంకో రెండున్నయి. వాళ్లకూ చెరో కొస ఇస్త."