బండ మీద పెద్దాయన

మా ల్యాబులో బల్ల లేదు, కడప బండ ఉంది. వంటింటి గట్టుకు వేస్తారే, అదే నల్ల బండ. కాకపోతే బెత్తెడు మందం, తలుపంత పొడవు. వెలుగుతో చేసే ప్రయోగాలకు అదురు తగలని బల్ల కావాలి. పెద్ద పెద్ద చోట్ల అలాంటివి విదేశాల నుంచి తెప్పించుకుంటారు. మా కాలేజీకి ఆ యోగం లేదు. మా బొజ్జన్న మామకు కడప బయట బండల పాలిష్ మిషను ఉంది. ఆయనే కోయించి, నున్నగా చేయించి, ట్రాక్టరులో పంపించాడు. సగం గాలి నింపిన లారీ ట్యూబుల మీద దాన్ని పడుకోబెట్టాం. కిటికీ పక్కనే బస్సు పోయినా పైనున్న అద్దాలకు ఆ సంగతి తెలియదు.

దాని మీద నేను చేసే పని చెప్తాను. రేడియో అల ఆగకుండా లేస్తూ పడుతూ ఉంటుంది. కంప్యూటరుకు ఆ లేవడం పడడం అక్కర్లేదు, అంకెలు కావాలి. అందుకని క్షణక్షణానికీ అల ఎత్తు కొలిచి అంకెగా మార్చి ఇవ్వాలి. ఇది ఉయ్యాల ఊగే పిల్లను ఫోటో తీయడం లాంటిది. నొక్కడం రవ్వంత ఆలస్యమైతే పిల్ల ఇంకోచోట ఉంటుంది. ఉయ్యాల ఎంత వేగంగా ఊగితే మన తప్పు అంత పెద్దదవుతుంది. మామూలు ఎలక్ట్రానిక్ గడియారాలు ఈ నొక్కడంలోనే తడబడతాయి. లేజర్ వెలుగును చిన్న చిన్న మెరుపులుగా వదిలితే వాటి మధ్య ఎడం దాదాపు మారదు. ఒక్కో మెరుపు ఆ క్షణాన అల ఎంత ఎత్తులో ఉందో పట్టుకుపోతుంది. అల పైనుంటే మెరుపు ప్రకాశంగా వస్తుంది, కిందుంటే మసకగా వస్తుంది. ఆ తర్వాత దాన్ని తీరిగ్గా కొలుచుకుని అంకె వేసుకోవచ్చు.

సెకన్ను కోటి కోట్ల ముక్కలు చేస్తే, నా మెరుపుల తడబాటు అందులో రెండు మూడు ముక్కలు. థీసిస్‌లో అదే రాశాను. తంటా అక్కడే వచ్చి పడింది.

నా థీసిస్‌కు పరీక్షకుడిగా వేసింది రామలింగప్ప గారిని. బెంగళూరులో పెద్ద సంస్థలో ప్రొఫెసరు, ఈ విద్యలో తలపండినవాడు. ఆయన మా గైడు ఉమామహేశ్వర సార్‌కు ఫోన్ చేసి, "మీ తనూజ రాసిన అంకె నమ్మేలా లేదు. మా ల్యాబులోనే అంత తక్కువ రాలేదు. నా కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోను," అన్నారట. సార్ ఆ మాట నాకు చెప్పేసరికి ఒళ్లు మండిపోయింది. పట్టా ఆలస్యమైతే ఓర్చుకుంటాను. తనూజ దొంగలెక్కలు రాసిందన్న మాట మాత్రం నేను పడలేను. నేను రాసిన ప్రతి అంకె నేను చూసిందే.

ఆయన వచ్చే రోజు పొద్దున నేను యంత్రం నడిపి చూసుకున్నాను. స్క్రీన్ మీద మా సిగ్నల్ నిటారుగా ఒక్క గీతలా లేచి నిలబడింది. మేం దాన్ని చెట్టు అంటాం. దాని మొదలు దగ్గర అటూ ఇటూ చిటపటలాడే చిల్లర గీతలను గడ్డి అంటాం. గడ్డి ఎంత పొట్టిగా ఉంటే మెరుపులు అంత నికరంగా వస్తున్నట్టు. ఆ పొద్దున గడ్డి నేలకు అతుక్కునే ఉంది. నా మనసు కుదుటపడింది.

అప్పుడే ఉమామహేశ్వర సార్ వచ్చారు. కొత్త చొక్కా వేసుకున్నారు, మొహంలో కంగారు. బండ అంచున నేను అంటించిన కాగితాన్ని చూసి చిరాకు పడ్డారు. 'దీని మీద కూర్చోవద్దు' అని పెద్దక్షరాలతో రాసింది అది.

"ఏమ్మా, బస్టాండు మాదిరి ఈ కాగితమేంది? అంత పెద్దాయన వస్తాండాడు, ఏమనుకుంటాడు?" అని పీకి జేబులో పెట్టుకున్నారు.

ఆ కాగితం నేను సరదాకు అంటించలేదు. ఈ సీమలో బండ కనబడితే కూర్చోకుండా పోయే మనిషిని నేనింతవరకు చూడలేదు. ఇంటి ముందు బండ, టీ అంగడి ముందు బండ, ఎండాకాలం మధ్యాహ్నం నడుం వాల్చేది చల్లగా ఉండే బండ మీదే. మా ల్యాబుకు కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మాట్లాడుతూ మాట్లాడుతూ దాని మీదికి చేరేవాళ్లు. ఇదంతా చెప్పినా సార్ వినలేదు. పైగా ల్యాబులోని కుర్చీలన్నీ వైవా జరిగే సెమినార్ హాలుకు మోయించారు, అక్కడ చాలలేదని.

రామలింగప్ప గారు భారీ మనిషి. బెంగళూరు రైలు రాత్రంతా నిద్ర పోనివ్వలేదేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాఫీ కూడా వద్దన్నారు. "వైవా తర్వాత చూద్దాం. ముందు యంత్రం చూపించండి," అన్నారు.

నేను స్క్రీన్ వైపు తిరిగి లేజర్ వేశాను. అది వేడెక్కి నిలకడకు రావడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ కాసేపూ వెనకనుంచి ఆయన ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు, నేను తిరక్కుండానే జవాబులు చెప్తూనే ఉన్నాను. చివరికి అలను పంపించి స్క్రీన్ చూశాను. చెట్టు మొదలు కనిపించనంత గడ్డి!

తీగలు బిగించాను. ఫ్యాను ఆపాను. లేజర్ ఆపి మళ్లీ వేశాను. గడ్డి తగ్గడం అటుంచి, ఒకే లయలో పైకీ కిందికీ ఊగుతోంది. పొద్దున లేని ఈ పీడ ఇప్పుడెక్కడ నుంచి వచ్చిందో తెలియలేదు.

"థీసిస్‌లో రాసినదానికీ దీనికీ పొంతన లేదేం?" అన్నారు రామలింగప్ప గారు. గొంతులో కోపం లేదు. అనుకున్నదే అయిందన్న నిబ్బరం ఉంది. నాకు అది ఇంకా మంట పుట్టించింది.

జవాబు చెప్దామని వెనక్కి తిరిగాను. పెద్దాయన బండ చివర హాయిగా కూర్చుని ఉన్నారు. ఒక కాలు కింద ఆనించి రెండోది ఊపుతున్నారు. స్క్రీన్ మీద గడ్డి ఊగేది సరిగ్గా ఆ కాలి లయలోనే.

ఉమామహేశ్వర సార్ వైపు చూశాను. కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నారు. ఆయనకు మొదట్నుంచీ తెలుసని ఆ మొహమే చెప్తోంది. కాగితం జేబులో పెట్టుకున్న మనిషి ఇక నోరెలా తెరుస్తారు? ఏమీ అనొద్దని నాకు కళ్లతోనే బతిమాలుతున్నారు. కూర్చున్న పెద్దవాళ్లను లేవమనడం మా వైపు ఎంత తప్పో నాకూ తెలుసు. పెళ్లిపందిట్లో ఆ ఒక్క మాటకు వియ్యాలవారు అలిగి వెళ్లిపోయిన కథలు ఇంటింటా ఉన్నాయి. పైగా ఇప్పుడు నేనేం చెప్పినా సాకులా వినిపిస్తుంది. లేచాక కూడా గడ్డి తగ్గకపోతే? అప్పుడు అబద్ధానికి అమర్యాద కూడా తోడవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

కానీ నేను చూసిన అంకెలవి. వాటికోసం నేను మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

"సార్, మీరు బండ మీద నుంచి లెయ్యండి," అన్నాను.

"ఏమన్నావ్?"

"లెయ్యండి సార్. ఆ గడ్డి మీరే."

"తనూజమ్మా!" అన్నారు మా సార్, ఏడుపు గొంతుతో.

రామలింగప్ప గారి కాలు ఆగింది. నన్నూ, బండనూ, తన కాలినీ వరసగా చూసుకున్నారు. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆనించి నెమ్మదిగా లేచారు. ట్యూబుల మీద బండ సర్దుకోవడానికి కొంచెం సమయం తీసుకుంది. ఆ కొంచెంసేపూ నేను స్క్రీన్ మీద నుంచి కన్ను తీయలేదు. గడ్డి ఊగింది, ఊగడం తగ్గింది, కుంగింది, ఇంకా కుంగింది. చివరికి చెట్టు ఒక్కటే నిలబడింది. పక్కనే అంకె పడింది. థీసిస్‌లో రాసిన అంకే!

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. స్క్రీన్ దగ్గరికి వచ్చి ముక్కు ఆనేంత దగ్గరగా చూశారు. వెనక్కి పోయి మళ్లీ బండ మీద కూర్చున్నారు. గడ్డి లేచింది. లేచారు. పడుకుంది. మళ్లీ కూర్చుని ఈసారి కావాలనే కాలు ఊపారు.

"ఓర్నీ! నేనేనా ఇది? శానా బాగుండాదే!" అన్నారు. అప్పటిదాకా పుస్తకంలా మాట్లాడిన మనిషి నోట మా మాట వినేసరికి నేను తెల్లబోయాను. "మాదీ ఈ సీమే, ఆత్మకూరు లేమ్మా. బండ జూస్తే కూచోకుండా ఎట్లుంటా?"

ఉమామహేశ్వర సార్‌కు అప్పటికి ఊపిరాడింది. గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టారు. నాకు నవ్వు రాలేదు.

"సార్, నేను అబద్ధం రాశాననుకునే వచ్చారు కదా?" అని అడిగేశాను.

"అనుకునే వచ్చినా," అన్నారాయన తడుముకోకుండా. "ఈడ, ఈ బండ మీద, ఎట్లొస్తాదిలే అనుకున్నా. నాదే తప్పు. మావి కొనుక్కొచ్చిన బల్లలు, అయినా మా అంకె నీదంత తక్కువ రాలేదు. మా పిల్లోళ్లను నీ కాడికి పంపిస్తా. నేర్పుతావా?"

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతసేపూ పళ్ల బిగువున పట్టిన కోపమంతా ఎటు పోయిందో పోయింది. పట్టా మాట ఇంకా ఎత్తనే లేదు, కానీ నన్ను నమ్మారు. నాకు కావలసింది అదే.

"నేర్పుతా సార్," అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "కానీ వాళ్లెవరైనా సరే, నేను చెప్పేది అయ్యేదాకా నిలబడే ఉండాల."

మా సార్ నవ్వు టక్కున ఆగిపోయింది. రామలింగప్ప గారు బండకు దూరంగా జరిగి, బళ్లో పిల్లోడిలా రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డారు.

"చెప్పమ్మా," అన్నారు. "మొదట్నుంచి చెప్పు."