పెదవులు కదిలిన పాఠం

మహబూబ్ సుభాని మైకు మీట నొక్కి ఆపి, దగ్గాడు. ఒక గుక్క నీళ్లు తాగి, ఎదుటి కెమెరాను తెలుగులో తిట్టి, మళ్లీ మీట నొక్కి, ఇంగ్లిషు నవల పుట్టుకను వదిలిన చోటే అందుకున్నాడు.

సౌదీలో తబూక్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఆయన బ్రిటిష్ సాహిత్యం ప్రొఫెసరు. ఆడపిల్లల విభాగం వేరే భవనంలో ఉంది. మగ మాస్టరు ఇక్కడ ఖాళీ గదిలో కూర్చుని కెమెరాకు పాఠం చెబితే, వాళ్లు అక్కడ తెర మీద చూస్తారు. ఆయనకు వాళ్లు కనిపించరు. ప్రొద్దుటూరు కాలేజీలో పనిచేసిన రోజుల్లో పిల్లవాడు ఆవలిస్తే పాఠం ఆపి నవ్వించేవాడు. ఇక్కడి గాజుకన్ను ఆవలించదు, నవ్వదు. ఆ మౌనం మొదట్లో భయపెట్టింది, తర్వాత కోపం తెప్పించింది. పాఠం కానిదేదైనా నోటికొస్తే, అది దగ్గయినా తిట్టయినా, వేలు దానంతటదే మీట మీదికి పోయేది. పోయిన వారం మాత్రం వేలు పోయేదాకా నోరు ఆగలేదు. పాఠం మధ్యలో, మైకు ఆపకుండానే వాళ్లను గొర్రెలన్నాడు.

మొదటి గంట అయ్యాక ఆడపిల్లల విభాగం చూసే ఆసిఫా ఫోన్ చేసింది. ఆమెది కర్నూలు.

"పిల్లోళ్లు డీన్‌కు కంప్లైంట్ రాసినారు సార్. ఈ పొద్దు క్లాసులో మీరే నోరు తెరిచి తప్పయిందంటే, నేను ఆపుతా."

"నేను తప్పయిందనాల్నా? మొగం కూడా చూడనోళ్లకా?"

"తిట్టింది కూడా మొగం చూడనోళ్లనే కదా సార్."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఫిర్యాదు డీన్ దాకా పోతే కాంట్రాక్టు పొడిగించరు. భార్య హలీమాకు ఇక్కడి ఆసుపత్రిలో డయాలసిస్ జరిగేది ఈ ఉద్యోగపు బీమా మీదే. ఆమె ఒంట్లో రక్తం శుభ్రపడటానికీ తన పొగరుకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, ఇంక ఎంచుకునేదేముంది?

రెండో గంటలో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తల వంచాడు. ఖాళీ గది తనను ఎలా చేదెక్కించిందో చెప్పాడు. మీరు గొర్రెలు కారు, నేనే కాపరితనం మరిచాను, క్షమించండి అన్నాడు. చాలాసేపు మాట్లాడాడు. జీవితంలో అంత మెత్తగా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.

బయటికి రాగానే కెమెరాలు చూసే సదానందం ఎదురయ్యాడు. జగిత్యాల మనిషి. ఇద్దరికీ ఎన్నడూ పడలేదు.

"మైకు బందు వెట్టిండ్రు సార్. రోజు లెక్కనే తిడుతున్రనుకున్న."

సుభాని వెనక్కి తిరిగి బల్ల మీది మీట వంక చూశాడు. "అప్పుడే చెప్పొద్దా?"

"పోయినేడు చెప్తే, నీ పని నువ్వు చూస్కో అన్నరు గదా. చూస్కున్న."

వెంటనే ఆసిఫాకు ఫోన్ చేశాడు. కంప్లైంట్ అప్పుడే డీన్ గదికి చేరిందంది ఆమె. పెదవులు కదులుతూ గొంతు వినిపించకపోతే సారు తిడుతున్నాడని ఆ పిల్లలకు ఎప్పటినుంచో తెలుసట. ఇంతసేపు ఎన్నడూ తిట్టలేదని కొందరు ఏడ్చారట.

"తిట్టలేదమ్మా. తప్పయిందనే చెప్పినా. అల్లా సాక్షి."

"అదే అల్లా సాక్షిగా చెప్పండి సార్. ఆ మైకు ఆపినాక ఎప్పుడన్నా ఒక్క మంచి మాటన్నారా?"

ఆయన తన వేలి వంక చూసుకున్నాడు. తిట్టే అలవాటు నాలుకకు పడుతుందని పెద్దలు చెబుతారు. వేలికి కూడా పడుతుందని ఎవరనుకుంటారు? పైవాడు మైకు లేకపోయినా వింటాడు, నిజమే. కానీ ఆయన క్షమించమన్నది ఆ పిల్లల్ని కదా.

నెల తిరక్కుండానే పాస్‌పోర్టు మీద, దేశం వదిలి పొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది. వెళ్లిరమ్మనడానికి ఎవరూ రాలేదు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కూర్చున్న హలీమా, ప్రొద్దుటూరులో డయాలసిస్ మిషను ఖాళీగా దొరుకుతుందా అని ఒక్కసారి అడిగి ఊరుకుంది.

ఇక ఆడపిల్లల భవనంలోనే కొత్త మేడమ్ పాఠం చెబుతుందని సదానందం ఆ గది ఖాళీ చేశాడు. బల్ల సొరుగులో అరచేతిలో పట్టేంత స్టీలు డబ్బీ దొరికింది. లోపల దగ్గొస్తే చప్పరించే పటికబెల్లం ముక్కలు నాలుగు, మూత మీద పెళ్లినాడు చుక్కలు చుక్కలుగా కొట్టించిన తెలుగు అక్షరాల్లో హలీమా పేరు.